టెస్ట్ కొలతలు ఎక్కించాక కూడా ప్లాన్‌లో బరువులు తప్పుతున్నాయా? సమస్య, కారణం, పరిష్కారం

శాతాల లెక్కన బరువులు ఇచ్చే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా చేసే పని ఒకటే. అథ్లెట్ టెస్ట్ కొలతల్లోంచి (స్క్వాట్‌లో ఎత్తిన గరిష్ఠ బరువు లాంటివి) ఒకదాన్ని ఎంచుకుంటుంది, మీరు రాసిన శాతంతో గుణిస్తుంది, సాధారణంగా దగ్గర్లోని 2.5 కేజీలకు సర్ది చూపిస్తుంది. గుణకారంలో పొరపాటు రాదు. పొరపాటంతా అది ఎంచుకున్న కొలతలోనే ఉంటుంది.

అందుకని "80 శాతానికి 100 రావాలి, 87.5 చూపిస్తోంది" అనగానే ప్లాన్ తెరిచి శాతాలు దిద్దడం మొదలుపెట్టొద్దు. ముందు ఆ అథ్లెట్ పేజీలోకి వెళ్లి టెస్టుల చరిత్ర తెరవండి. కొత్తవి పైకి వచ్చేలా తేదీల వరుసలో పెట్టండి. అన్నిటికంటే పైనున్న వరుసలో మూడు చదవండి: అంకె, యూనిట్, తేదీ. అర నిమిషం పట్టదు. అయినా ఎవరూ చూడరు. సపోర్ట్‌కు మెయిల్ పెడతారు, యాప్ తీసేసి మళ్లీ వేస్తారు, చివరికి ప్లాన్ మొత్తం కొత్తగా రాస్తారు. చరిత్ర పేజీ మాత్రం తెరవరు.

టెస్టు తయారు చేయడం, అథ్లెట్‌ను చేర్చడం, స్క్వాట్‌కు స్క్వాట్ టెస్టును ముడిపెట్టడం మీకు వచ్చనే అనుకుని మిగతాది రాస్తున్నాను.

బరువు సగానికి పడిపోయింది, లేదా రెట్టింపు దాటింది

చూపిస్తున్న బరువును రావాల్సిన బరువుతో భాగించండి. 2.2 గానీ 0.45 గానీ వస్తే ఇంకేమీ వెతకక్కర్లేదు, పౌండ్లు కేజీలు కలిసిపోయాయి. టెస్టు యూనిట్ పౌండ్లలో ఉండగా మీరు 100 అని కొడితే, కేజీల్లో చూసే అథ్లెట్‌కు అది 45.4 అవుతుంది. జట్టంతా ఇలాగే ఉంటే టెస్టు సెట్టింగ్‌లో చూడండి. ఒక్కరికే అయితే ఆ ఒక్కరి ప్రొఫైల్లో చూడండి.

సరిచేసేటప్పుడు ఒక జాగ్రత్త. యూనిట్ మార్చగానే కొన్ని సాఫ్ట్‌వేర్లు లోపలి అంకెను కూడా మార్చేస్తాయి, కొన్ని పక్కనున్న పేరు మాత్రమే మారుస్తాయి. మీది ఏ రకమో తెలియకుండా ముప్పైమంది మీద ప్రయోగం చేయొద్దు. ఉత్తుత్తి అథ్లెట్‌ను ఒకరిని పెట్టి 100 కేజీలు ఎక్కించి యూనిట్‌ను పౌండ్లకు మార్చి చూడండి. 220.5 అయితే అంకె మారుతోంది, 100 గానే ఉంటే పేరే మారుతోంది.

కొత్త టెస్ట్ ఎక్కించినా పాత బరువులే వస్తున్నాయి. లేదా అన్నీ బాగానే నడుస్తూ ఒకరోజు బరువులు వాటంతట అవే పడిపోయాయి

ఇవి రెండు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. చాలాసార్లు జబ్బు ఒకటే: తేదీలో రోజు, నెల తారుమారు కావడం. ఈ జాబితా మొత్తంలో ఎక్కువ చేటు చేసేది ఇదే, ఎందుకంటే ఎర్ర గుర్తు రాదు, కేజీలూ నమ్మదగ్గట్టే ఉంటాయి.

మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. అమెరికా పద్ధతిలో నెల ముందు వస్తుంది. షీట్ గానీ సాఫ్ట్‌వేర్ గానీ అమెరికా పద్ధతిలో ఉండి మీరు మన పద్ధతిలో కొడితే ఏమవుతుందో ఒక అథ్లెట్ స్క్వాట్ మీద చూద్దాం.

2024 నవంబర్ 10న 100 కేజీలు. షీట్‌లో 10/11/2024 అని కొట్టారు. సాఫ్ట్‌వేర్ దాన్ని అక్టోబర్ 11 అనుకుంది. నెల రోజులు వెనక్కి పోయింది గానీ నష్టం లేదు.

2025 ఫిబ్రవరి 10న 110 కేజీలు. 10/02/2025 అని కొట్టారు. అది 2025 అక్టోబర్ 2 అయి కూర్చుంది. ఇంకా రాని రోజు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోదు. ఫిబ్రవరి నుంచి 80 శాతానికి 87.5 రావాల్సిన చోట 80 వస్తూనే ఉంటుంది. అథ్లెట్‌కు తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఏమీ అనడు.

2025 మే 6న 117.5 కేజీలు. 06/05/2025 కాస్తా జూన్ 5 అయింది. నెల రోజులు ఆలస్యంగా బరువు పెరుగుతుంది. "సాఫ్ట్‌వేర్ లేటుగా అప్‌డేట్ అవుతుంది" అనే అపోహ పుట్టేది ఇక్కడే.

2025 ఆగస్టు 14న 125 కేజీలు. 14/08/2025. పద్నాలుగో నెల లేదు కాబట్టి చెల్లని తేదీ అని ఆ వరుస తిరిగొస్తుంది. కోచ్ ఆ ఒక్కదాన్ని క్యాలెండర్‌లో నొక్కి చేత్తో ఎక్కిస్తాడు. తేదీ సరిగ్గా పడుతుంది. 80 శాతానికి 100 కేజీలు వస్తాయి. అంతా సర్దుకుందనుకుంటారు.

అక్టోబర్ 2 వస్తుంది. ఫిబ్రవరిలో నాటిన 110 ఆ రోజున "తాజా టెస్టు" అవుతుంది. 100 ఉన్న చోట 87.5. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, ప్లాన్ మారలేదు, టెస్టు జరగలేదు. ఎనిమిది నెలల కిందటి దిగుమతి ఎవరికి గుర్తుంటుంది?

ఈ మొత్తం వ్యవహారంలో ఆగస్టు 14 వరుస తిరిగొచ్చినప్పుడే విషయం బయటపడాలి. తిరస్కరించిన వరుసలో తప్పు లేదు. కిక్కురుమనకుండా లోపలికి తీసుకున్న వరుసల్లోనే ఉంది తప్పు. 13 నుంచి పైతేదీలు మాత్రమే ఎర్రర్ చూపిస్తున్నాయంటే, 12 లోపు తేదీలన్నీ తిరగబడి లోపలికి వెళ్లాయని అర్థం. ఏడాదిలో ఇలా చప్పుడు లేకుండా మారిపోగల తేదీలు 132. జనవరి 1, ఫిబ్రవరి 2 లాంటి పన్నెండు తేదీలకు మాత్రం ఎటు చదివినా ఒకటే.

షీట్‌లో కంటికి దొరకకపోవడానికి కారణం ఇది. అమెరికా సెట్టింగ్‌లో ఉన్న గూగుల్ షీట్స్‌లో 10/02/2025 కొడితే 10/02/2025 అనే కనిపిస్తుంది. మీరు కొట్టిందే కనిపిస్తోంది కదా అని వదిలేస్తారు. లోపల మాత్రం అది అక్టోబర్ 2, అంటే 45932 అనే సంఖ్య. ఫిబ్రవరి 10 అయితే 45698 ఉండాలి. ఆ గడి మీద ఫార్మాట్‌ను నంబర్‌కు మార్చి చూస్తే ఇది తేలిపోతుంది. అంతకంటే సులువైన గుర్తు ఇంకోటుంది. మీరేమీ సర్దకపోతే తేదీగా అర్థమైన గడి కుడివైపుకు ఆనుకుంటుంది, అర్థం కానిది అక్షరాలుగా మిగిలి ఎడమవైపుకు ఆనుకుంటుంది. ఒకే నిలువు వరుసలో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకు ఉన్నాయంటే ఆ ఫైల్‌ను అప్‌లోడ్ చేయకండి.

అందరూ చేసే పని, షీట్ సెట్టింగ్స్‌లో లొకేల్‌ను (ఏ దేశం పద్ధతి అన్నది) ఇండియాకు మార్చి హమ్మయ్య అనుకోవడం. ఇకమీదట కొట్టేవాటికి అది పనికొస్తుంది. అప్పటికే తిరగబడినవాటిని అది సరిచేయదు. 45932 ఇంకా 45932 గానే ఉంటుంది, మహా అయితే 02/10/2025 అని మన పద్ధతిలో కనిపిస్తుంది, అంతే.

సరిచేసే వరుస ఇలా ఉండాలి. మధ్యలో ఒకటి దాటేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

1. సాఫ్ట్‌వేర్‌లోని టెస్టుల చరిత్రను మొత్తం దింపి ఒక కాపీ పక్కన పెట్టుకోండి.

2. అసలు తేదీలు కాగితం మీదో, వాట్సాప్ గ్రూపులో ఆరోజు పెట్టిన ఫొటో కిందో దొరుకుతాయి. షీట్ నుంచి ఊహించొద్దు. అమెరికాలో ఉన్న పిల్లలకు ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో ప్లాన్ ఇస్తున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్లు మార్చి 8ని 3/8 అని రాస్తారు, మీరు 8/3 అని రాస్తారు, ఒకే ఫైల్‌లో రెండు పద్ధతులూ ఉంటే ఏ ఫార్ములా విడదీయలేదు. అడిగి తెలుసుకోవాల్సిందే.

3. తేదీల నిలువు వరుసను ముందు ప్లెయిన్ టెక్స్ట్‌కు మార్చి, ఆ తర్వాతే ఏడాది-నెల-రోజు వరుసలో కొట్టండి: 2025-02-10. ఈ వరుసను తిప్పి చదివే సాఫ్ట్‌వేర్ చాలా అరుదు. దిగుమతి తెరలో తేదీ పద్ధతి అడిగితే అక్కడా ఇదే ఎంచుకోండి.

4. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్‌గా) దింపిన తర్వాత "ఒకసారి చూద్దాం" అని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేయకండి. ఎక్సెల్ ఆ తేదీలను కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ ప్రకారం మార్చి చూపిస్తుంది. సేవ్ కొడితే ఫైల్‌లోనూ అలాగే రాసేస్తుంది. చూడాలనుకుంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఎక్సెల్‌లోనే కావాలంటే డేటా ట్యాబ్‌లోంచి టెక్స్ట్ ఫైల్‌గా తెచ్చుకుని, తేదీల వరుసకు టెక్స్ట్ రకం ఇవ్వండి.

5. మళ్లీ ఎక్కించే ముందు తప్పు తేదీలున్న పాత వరుసలను తొలగించండి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. చాలా సాఫ్ట్‌వేర్లు అథ్లెట్, టెస్టు, తేదీ మూడూ కలిస్తేనే "ఇది పాతదే" అని గుర్తుపడతాయి. తేదీ మారింది కాబట్టి సరిచేసిన ఫిబ్రవరి 10 కొత్త వరుసగా చేరుతుంది, అక్టోబర్ 2 అలాగే పొంచి ఉంటుంది.

6. మొత్తం ఫైల్ కాకుండా మూడు వరుసలతో ముందు పరీక్షించండి. ఒకటి నెలలో 12 లోపు తేదీ, ఒకటి 20 దాటిన తేదీ, ఒకటి ఈరోజు. మూడూ చరిత్ర పేజీలో నెల పేరుతో సహా సరిగ్గా కనిపిస్తే మిగతాది ఎక్కించండి.

7. ఇప్పటికే క్యాలెండర్‌లో పెట్టేసిన రాబోయే వ్యాయామాలను చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు షెడ్యూల్ చేసిన నాడే బరువులు లెక్కగట్టి అక్కడే ముద్ర వేసేస్తాయి. టెస్టు సరిచేసినా అవి కదలవు. ఆ వారాలను తీసి మళ్లీ పెట్టాలి, లేదా తిరిగి లెక్కించే బటన్ ఉంటే నొక్కాలి. జరిగిపోయిన వ్యాయామాలను ముట్టుకోవద్దు. ఎత్తింది ఎత్తిందే.

గ్రాఫ్ చూసి తప్పు పట్టుకుందామనుకుంటే కుదరకపోవచ్చు. గ్రాఫ్ ఈరోజుతో ఆగేలా ఉంటే, ముందు తేదీకి వెళ్లిపోయిన టెస్టు దాని అంచు అవతల ఉంటుంది. జాబితా రూపంలోనే చూడాలి.

తేదీలు సరిగ్గానే ఉన్నాయి, బరువు 5 నుంచి 15 శాతం తేడాగా వస్తోంది

మొదట చూడాల్సింది, ప్లాన్ "తాజా" కొలత తీసుకుంటోందా, "అత్యుత్తమ" కొలత తీసుకుంటోందా అన్నది. గాయం తర్వాత తిరిగొచ్చినవాళ్లకు 140 బదులు 160 మీద శాతాలు వస్తుంటే ఇదే కారణం. రికార్డుల బోర్డుకు అత్యుత్తమం, ప్లాన్‌కు తాజా. దీనికి మినహాయింపు పెట్టుకోవద్దు.

తర్వాత ట్రెయినింగ్ మ్యాక్స్, అంటే గరిష్ఠ బరువును కొంత తగ్గించి లెక్కలకు వాడే అంకె. 120 కేజీల వన్ ఆర్‌ఎంకు (ఒక్కసారి ఎత్తగలిగిన గరిష్ఠ బరువుకు) 90 శాతం తీసి 108ని టెస్టుగా ఎక్కిస్తారు. సాఫ్ట్‌వేర్‌లోనూ 90 శాతం సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. రెండుసార్లు కోత పడి 97.2 అవుతుంది. దాని మీద 85 శాతం అంటే 82.6, అసలు రావాల్సింది 91.8. టెస్టులో ఎప్పుడూ ఎత్తిన బరువే పెట్టండి, కోత సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి.

రెప్స్ (ఒక బరువును వరుసగా ఎన్నిసార్లు ఎత్తారన్నది) నుంచి అంచనా వేసిన వన్ ఆర్‌ఎం అయితే ఫార్ములా పేరు చూడండి. 100 కేజీలు 5 రెప్స్ చేస్తే ఎప్లీ ప్రకారం 116.7, బ్రజిస్కీ ప్రకారం 112.5. 10 రెప్స్ దగ్గర రెండూ 133.3 దగ్గర కలుస్తాయి, 12 దగ్గర ఎప్లీ 140 అంటే బ్రజిస్కీ 144 అంటుంది. ఏది మంచిదన్న వాదన అనవసరం. సీజన్ మధ్యలో మార్చకుండా ఉంటే చాలు, 5 రెప్స్ లోపు టెస్టు పెడితే ఇంకా మేలు.

బరువు కట్టుకుని చేసే పులప్స్ వేరే కథ. 80 కేజీల మనిషి 20 కేజీలు కట్టుకుని ఒకటి లాగాడు. టెస్టులో 20 అని పెడితే 80 శాతానికి 16 కేజీలు కట్టుకోమంటుంది. ఒంటి బరువుతో కలిపి 100 అని పెడితే 80 శాతం అంటే 80, అంటే ఏమీ కట్టుకోకుండా లాగమని. రెండోదే సరైన లెక్క. కానీ సాఫ్ట్‌వేర్‌కు "ఒంటి బరువు కలపాలి" అని చెప్పకపోతే, 80 కేజీలు నడుముకు కట్టుకోమని చూపిస్తుంది.

పరుగు టైములు, షటిల్ లెవెళ్లు అర్థం లేకుండా వస్తున్నాయి

టైము తగ్గినా ఎర్ర బాణం కనిపిస్తుంటే, ఆ టెస్టుకు "తక్కువైతే మంచిది" అన్నది టిక్ పెట్టలేదు. 30 మీటర్లు 4.42 నుంచి 4.31కి దిగితే పచ్చగా రావాలి.

నిమిషాలు దాటిన పరుగుల్లో చుక్క వాడకం కొంప ముంచుతుంది. పోలీసు ఈవెంట్స్‌కు 1600 మీటర్లు పరిగెత్తేవాళ్లలో ఒకరు 7 నిమిషాల 15 సెకన్లలో వచ్చారనుకోండి. 7.15 అని కొడితే, దశాంశంగా చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని 7 నిమిషాల 9 సెకన్లుగా తీసుకుంటుంది. 7:15 అని షీట్‌లో కొడితే ఏడు గంటల పదిహేను నిమిషాలు అవుతుంది. 0:07:15 అని కొట్టండి, లేదా అన్నీ సెకన్లలో పెట్టుకోండి: 435. సెకన్ల పద్ధతి చూడ్డానికి బాగోదు గానీ ఎక్కడికి తీసుకెళ్లినా చెడదు.

షటిల్ టెస్టుల్లో చుక్క అసలు దశాంశమే కాదు. మన క్రికెట్‌లో తరచూ వినిపించే యో-యో (బీప్ శబ్దాలకు తగ్గట్టు అటూఇటూ పరిగెత్తే టెస్టు) 16.1 అంటే 16వ లెవెల్‌లో ఒకటో షటిల్ (20 మీటర్లు వెళ్లి రావడం), మొత్తం 1120 మీటర్లు. 16.8 అంటే 1400 మీటర్లు, ఆ పక్కదే 17.1, అంటే 1440. అంకెల్లో 16.8కీ 17.1కీ తేడా 0.3, పరుగులో ఒక్క షటిలే. వీటితో జట్టు సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. 20 మీటర్ల బీప్ టెస్టులో ఇంకా దారుణం: 9.10 అని కొడితే చివరి సున్నా రాలి 9.1 అవుతుంది, 180 మీటర్లు గాల్లో కలుస్తాయి. చుక్క బదులు గీత పెట్టి 9-10 అంటే షీట్ దాన్ని తేదీ చేసేస్తుంది. లెవెల్ మాట మరిచిపోయి మీటర్లు ఎక్కించండి.

దూరం ఎక్కించేటప్పుడు మీటర్లా కిలోమీటర్లా చూసుకోండి. 12 నిమిషాల కూపర్ టెస్టులో 2400 పెడితే వీఓటూ మ్యాక్స్ (శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ కొలత) 42.4 వస్తుంది. 2.4 పెడితే మైనస్ 11.2 వస్తుంది. మైనస్ వస్తే నయం, కనీసం కనపడుతుంది.

స్టాప్‌వాచ్ టైములను, ఎలక్ట్రానిక్ గేట్ల (మనిషి దాటగానే టైము నమోదు చేసే పరికరాల) టైములను ఒకే టెస్టులో పోయొద్దు. పరుగు మొదలైనప్పుడు స్టాప్‌వాచ్‌ను వేలు ఆలస్యంగా నొక్కుతుంది, టైము తక్కువగా వస్తుంది, అందుకే పొట్టి పరుగుల్లో చేతి టైముకు 0.24 సెకన్లు కలిపి పోల్చడం అథ్లెటిక్స్‌లో వాడుక. 30 మీటర్ల మీద మీరు ఏడాదంతా చెమటోడ్చి సాధించే మెరుగుదల కంటే అది ఎక్కువే కావచ్చు. రెండు వేర్వేరు టెస్టులు పెట్టండి, పేరులోనే "గేట్లు", "చేతి టైము" అని రాయండి.

గాల్లో ఉన్న సమయాన్ని బట్టి జంప్ ఎత్తు లెక్కగట్టే యాప్‌లు, మ్యాట్‌లు వాడుతుంటే, ఒకరి అంకెలు ఉన్నట్టుండి పెరిగినప్పుడు సాఫ్ట్‌వేర్‌ను కాదు, దిగేటప్పుడు మోకాళ్లను చూడండి. 0.50 సెకన్లకు 30.7 సెంటీమీటర్లు, 0.55కి 37.1. మోకాళ్లు మడిచి దిగితే ఆ 0.05 ఊరికే వచ్చేస్తుంది.

గుండె వేగం జోన్లు మరీ తేలిగ్గా, లేదా మరీ కష్టంగా ఉన్నాయి

గరిష్ఠ వేగం 200, విశ్రాంతి వేగం 60 అనుకుంటే, గరిష్ఠంలో 70 శాతం 140. విశ్రాంతి వేగాన్ని తీసేసి లెక్కగట్టి మళ్లీ కలిపే కార్వోనెన్ పద్ధతిలో అదే 70 శాతం 158. ప్లాన్ ఏ పద్ధతికి రాసిందో, సాఫ్ట్‌వేర్ ఏ పద్ధతిలో ఉందో కలిపి చూడండి. 18 బీట్లంటే తేలికపాటి పరుగు కాస్తా ఆయాసపడే పరుగవుతుంది. థ్రెషోల్డ్ టెస్టులో (ఎక్కువసేపు నిలబెట్టుకోగల శ్రమను కొలిచేది) వచ్చిన అంకెను గరిష్ఠం గడిలో పెట్టడం కూడా తరచూ జరిగేదే. సైక్లింగ్ ఎఫ్‌టీపీకి (దాదాపు గంటసేపు నిలబెట్టుకోగల వాట్ల అంచనా) 20 నిమిషాల సగటు వాట్లను అలాగే ఎక్కించారేమో చూడండి, అందులో 95 శాతమే వెళ్లాలి. సాఫ్ట్‌వేరే ఆ 5 శాతం తీసేస్తుంటే మీరు తీయకూడదు.

ఇవేవీ కాకపోతే

ఒకే అథ్లెట్‌కు రెండు ప్రొఫైళ్లు ఉండొచ్చు. ఇంటిపేరు ముందు పెట్టి ఒకటి, వెనక పెట్టి ఒకటి. టెస్టులు ఒకదాంట్లో, ప్లాన్ ఇంకోదాంట్లో. కలిపేయండి. ఫ్రంట్ స్క్వాట్‌కు బ్యాక్ స్క్వాట్ టెస్టు ముడిపడి ఉండొచ్చు. టైమ్ జోన్ తేడాతో టెస్టు తేదీ ఒకరోజు అటూఇటూ అయిన సందర్భాలు లేకపోలేదు, కానీ అమెరికా అథ్లెట్లు లేనివాళ్లు దాని గురించి ఆలోచించనక్కర్లేదు. ఫోన్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి కనిపిస్తుంటే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. సపోర్ట్‌కు రాయాల్సి వస్తే ప్లాన్ స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపితే వాళ్లు ఏమీ చెప్పలేరు. టెస్టుల చరిత్ర జాబితాను తేదీలు కనిపించేలా తీసి జతచేయండి, ఏ రోజు ఏ వ్యాయామానికి ఎంత రావాలో, ఎంత వచ్చిందో రెండు అంకెలు రాయండి.